రెండు నారుమళ్లు

విరూపాక్షయ్య గారికి ప్రశ్న అడిగితే జవాబు చెప్పే అలవాటు లేదు, పని చెప్పేవారు. శిష్యుడు గవర్రాజు అది తెలిసే అడిగాడు.

"గురువుగారూ, పిల్లలిద్దరూ దూరాన హాస్టల్లో ఉన్నారు. నెల తిరిగేసరికి ఎవరో ఒకరికి జ్వరం. సున్నుండలు, నెయ్యి, జీడిపప్పు, బలం మందులు, అన్నీ పంపుతున్నాను. ఇంకేం పంపితే జబ్బు దగ్గరికి రాదు?"

అవి ఆశ్రమంలో నారు పోసే రోజులు. గురువుగారు పక్కపక్కన ఉన్న రెండు మళ్లలో ఒకటి గవర్రాజుకు, ఒకటి వంట చేసే పాపమ్మకు అప్పగించారు. ఒకే విత్తనం, ఒకే నీరు. "నాట్ల నాటికి ఎవరి నారు నిలిస్తే అదే మన పొలంలో వేస్తాం" అన్నారు.

గవర్రాజు తెల్లవారుతూనే వెళ్లి ఆకుల రంగు చూసేవాడు. కాస్త లేతగా కనిపిస్తే గుప్పెడు యూరియా చల్లేవాడు. ముదురుగా కనిపిస్తే, అలాగే ఉండాలని మరో గుప్పెడు. పదిహేను రోజులకు అతని నారు నిగనిగలాడుతూ జానెడు దాటింది. పాపమ్మది బెత్తెడు, అదీ పసుపు చాయలో.

"ఏం పాపమ్మా, నీ మడికి ఉపవాసమా?"

"నలభై మందికి వండాలి బాబూ నేను. ఒకసారి గుప్పెడు పెట్టాను. తిని ఊరుకుంది."

ఇంతలో ముసురు పట్టింది. చుట్టుపక్కల పొలాల్లో అగ్గితెగులు కనిపించింది. బలం చాలదేమోనని గవర్రాజు రెండు గుప్పెళ్లు ఎక్కువే వేశాడు. వారం తిరగకుండా అతని మడి నిప్పంటించినట్టు మాడిపోయింది. పాపమ్మ నారుకూ తెగులు సోకింది గానీ, ఆకుల మీద గుండుసూది తలంత మచ్చలై అక్కడే ఆగిపోయింది.

పిల్లల పార్సిలు బస్సుకు ఇవ్వబోతూ మడి చూద్దామని వచ్చిన గవర్రాజు గట్టు మీద కూలబడ్డాడు.

"నేనేం తక్కువ చేశాను గురువుగారూ?"

గురువుగారు అతని మడిలో ఇంకా మాడని మొక్క నుంచి ఒక ఆకు, పాపమ్మ మడి నుంచి ఒక ఆకు తెంపి అతని చేతిలో పెట్టారు. మొదటిది తడిగుడ్డలా వాలిపోయింది. రెండోది వేలికి గీసుకుంది.

"ఆకు తన తిండి తానే వండుకుంటుంది. వండినదంతా నీ యూరియాతో కలిపి పెరగడానికే పెట్టేసింది. తెగులొచ్చేసరికి గోడ కట్టుకోవడానికి దాని దగ్గర ఏం మిగిలింది?"

గవర్రాజు పార్సిలు ఒళ్లోకి లాక్కున్నాడు. తాడు విప్పి, ఐదు డబ్బాల్లో నాలుగు తీసి పాపమ్మ ముందు పెట్టాడు. ఐదోదాన్ని పట్టుకున్న చెయ్యి మాత్రం వదల్లేదు.

"అది పంపు నాయనా" అన్నారు గురువుగారు. "పాపమ్మ కూడా ఒకసారి పెట్టింది."