గోడమలుపుకి ఎన్ని పళ్ళు?

గవర్రాజు మాస్టారిని ఎవరైనా ఏదైనా అడిగితే ఆయన నోటితో జవాబు చెప్పేవారు కాదు. "బండి తియ్యి" అనేవారు. అడిగినవాడు సైకిలు తీసి ఆయన వెంట వెళ్ళాలి. దారిలో జవాబు దొరికితే వాడి అదృష్టం, దొరక్కపోతే కాళ్ళకి కాస్త పని పడ్డట్టు. తెలియనివాళ్ళు దీన్ని పొగరు అనేవారు. పొగరే. దానికి తగ్గ మనిషి కాబట్టి ఆయనకి నప్పింది.

ఆయన నేర్పేది ఫిక్స్‌డ్ గేరు సైకిలు. మామూలు సైకిలు మీద కాళ్ళు ఆపి కూర్చున్నా బండి కొంత దూరం పోతుంది. దీనికి ఆ సుఖం లేదు. వెనక పళ్ళచక్రం అసలు చక్రానికే బిగించి ఉంటుంది. చక్రం తిరిగినంతసేపూ పెడళ్ళు తిరుగుతాయి, పెడళ్ళు ఆగితే చక్రం ఆగుతుంది. ఎత్తు వచ్చింది కదా అని మధ్యలో గేరు మార్చుకోవడం కుదరదు. ఇంటి దగ్గర ఏ పళ్ళచక్రం బిగించుకుంటే దానితోనే కొండ ఎక్కాలి, దానితోనే దిగాలి. పళ్ళు ఎక్కువుంటే తొక్కుడు తేలిక, బండి నెమ్మది. పళ్ళు తక్కువైతే తొక్కుడు బరువు, కానీ ఒక్క తొక్కుకి బండి చాలా దూరం పోతుంది. కుర్రాళ్ళకి ఎప్పుడూ తక్కువ పళ్ళ మీదే మోజు. తేలిక చక్రం వేసుకున్నవాణ్ణి చూసి "తాతగారి బండి" అని నవ్వేవారు. గవర్రాజు గారి బండికి ఉన్నదీ ఆ తేలిక చక్రమే. ఆయన ముందు మాత్రం నవ్వేవారు కాదు.

ఊరికి ఉత్తరాన జోడుకొండ. కింద అటవీశాఖ చెక్‌పోస్టు, పైన ఊరంతా కనిపించే మైదానం, మధ్యలో గోడమలుపు. రోడ్డు వేసినవాళ్ళకి అక్కడ ఓపిక అయిపోయిందో ఏమో, మలుపులోనే నిటారుగా లేపేశారు. లారీలు కూడా అక్కడ మూలుగుతూ ఎక్కుతాయి. చెక్‌పోస్టు నుంచి పైదాకా నేలకి కాలు ఆనించకుండా ఎక్కినవాడికి గవర్రాజు గారు తన చేత్తో ఒక వెనక చక్రం అల్లి ఇచ్చేవారు. ఒక్కొక్క ఊచనీ వేలితో మీటి, అన్నీ ఒకే శ్రుతిలో పలికేదాకా బిగించేవారు. ఆ చక్రం గుంతలో పడ్డా వంకర పోయేది కాదు. ఆ ఏడు ఆయన చూపు మందగించింది. "ఇంకొక్క చక్రం అల్లుతాను. ఆ తర్వాత ఎవడొచ్చి కాళ్ళు పట్టుకున్నా అల్లను" అని తేల్చి చెప్పేశారు.

ఆ ఒక్క చక్రం కోసం త్రినాథ్ తపించిపోయాడు. త్రినాథ్ కరెంటాఫీసులో లైన్‌మన్. స్తంభాలెక్కే కాళ్ళు కాబట్టి బలానికి కొదవ లేదు. అయినా అప్పటికే రెండుసార్లు గోడమలుపులో ఊపు చచ్చి, పక్కకి ఒరిగి, కాలు ఆనించేశాడు. మూడోసారి కూడా తప్పితే ఆ చక్రం వేరొకడిది. అందుకని ఒక ఆదివారం తెల్లారుతూనే చెక్‌పోస్టు దగ్గర మాస్టారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మాస్టారూ, గోడమలుపుకి వెనక ఎన్ని పళ్ళది వెయ్యమంటారు?"

"బండి తియ్యి."

"అది కాదండీ. ఏది బిగించాలో తమరు చెబితే కదా నేను బండి తీసేది."

"నీకు తోచింది బిగించు. నీ వెనకే నేనొస్తాను."

త్రినాథ్ సంచిలోంచి అన్నిటికంటే తక్కువ పళ్ళున్న చక్రం తీసి బిగించాడు. వాడి లెక్క వాడికుంది. మలుపు పొడుగు తక్కువ. దాని ముందున్న చదునులో బండిని ఉరికిస్తే ఆ ఊపే మలుపు దాటిస్తుంది. మధ్యలో ఆగకూడదు, అంతే. గవర్రాజు గారు ఆ చక్రం వంక ఒకసారి చూసి తన బండి తీశారు.

ఇక్కడ దాలినాయుడి సంగతి చెప్పాలి. అతనూ గవర్రాజు గారూ ఒకప్పుడు జోడీగా కొండలెక్కినవాళ్ళే. ఒకసారి ఎవరిదో పెళ్ళి భోజనాల్లో దాలినాయుడు అందరికీ వినపడేలా, "గోడమలుపులో గవర్రాజు బండి దిగి తోసుకెళ్ళడం నా కళ్ళారా చూశాను" అన్నాడు. అది అబద్ధం. ఆ రోజు చెయిను ఊడింది. మాస్టారు పిట్టగోడకి చెయ్యి ఆనించి, బండి మీదే వంగి, చెయిను ఎక్కించుకుని పోయారు. కాలు నేలకి తగల్లేదు. సరదాకి అన్నానని దాలినాయుడు తర్వాత చెప్పుకున్నాడు. విస్తళ్ళ ముందు, అంతమందిలో, సరదాకి అనే మాటేనా అది? ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. గురువు మాట్లాడని మనిషితో శిష్యులూ మాట్లాడేవారు కాదు. మాట్లాడొద్దని ఆయన ఎప్పుడూ చెప్పలేదు. మాట్లాడమనీ చెప్పలేదు.

త్రినాథ్ చెక్‌పోస్టు దాటాడు. మొదటి వంపులు బాగానే సాగాయి. మాస్టారు వెనక తన తేలిక చక్రంతో టకటకా తొక్కుకుంటూ నింపాదిగా వస్తున్నారు. చదును రాగానే త్రినాథ్ సీటు మీంచి లేచి బండిని ఉరికించాడు. ఆ ఊపుతోనే మలుపులోకి దూకాడు. సగం ఎక్కేసరికి ఊపు అయిపోయింది. ఇక ఒక్కొక్క తొక్కూ ఒక్కొక్క బస్తా ఎత్తినట్టే ఉంది. చెవుల్లో గుండె దబదబా కొట్టుకుంటోంది. కళ్ళకి ముందుచక్రం తప్ప ఇంకేదీ కనిపించడం లేదు.

అప్పుడు ముందుచక్రం పక్కన ఒక చెయ్యి కనిపించింది. దాలినాయుడు పిట్టగోడకి జారగిలబడి ఉన్నాడు. కొండ దిగి వస్తూ కంకర మీద జారినట్టున్నాడు, అతని సైకిలు అతని కాలి మీదే అడ్డంగా పడుంది. చెయ్యెత్తి ఏదో అన్నాడు. త్రినాథ్‌కి పెదాలు కదలడం కనిపించింది. ఆగితే ఈ గేరుతో మళ్ళీ కదలడం జరగని పని. చక్రం పోయినట్టే. అయినా మనిషి కూర్చునే ఉన్నాడు కదా, ప్రాణం మీదకి వచ్చిందేమీ కాదు, ఎవరో ఒకరు వస్తారు. పైగా ఇతను దాలినాయుడు. ఇతని కోసం ఆగితే మాస్టారు ఏమనుకుంటారు? ఇవన్నీ వాడికి ఒక్క తొక్కులోనే తోచాయి. మోకాలు అతని చేతికి తగిలేంత దగ్గరగా దాటిపోయాడు.

పైన మైదానానికి చేరి కాఫీ కొట్టు ముందు బండితో సహా గడ్డి మీద పడ్డాడు. "ఆనలేదు! కాలు ఆనలేదమ్మా!" అని కొట్టు ఆవిడతో కేక పెట్టాడు.

"ఎక్కడ ఆనలేదు నాయనా?"

"నేలకి!"

"నేలకి ఆనకపోతే మరెక్కడ నిలబడతావు?" అని ఆవిడ నవ్వి కాఫీ ఇచ్చింది.

కాఫీ అయిపోయింది. మాస్టారు రాలేదు. ఆయన నెమ్మదిగా వచ్చినా ఇంతసేపు పట్టదు. త్రినాథ్ ఎవరూ చెప్పకుండానే బండి ఎక్కి వెనక్కి దిగాడు.

గోడమలుపులో మాస్టారి సైకిలు పిట్టగోడకి చేరేసి ఉంది. ఆయన రోడ్డు మీద గొంతుక్కూర్చుని తన తువ్వాలు చింపి దాలినాయుడి చీలమండకి కడుతున్నారు. ఇద్దరి మొహాలూ చెరోవైపు ఉన్నాయి. త్రినాథ్‌ని చూడగానే దాలినాయుడికి ప్రాణం లేచొచ్చింది.

"ఒరే అబ్బాయ్, బాగా వచ్చావు. మరీ గట్టిగా కట్టీసినాడని మీ మాస్టారికి చెప్పు."

"గట్టిగా కడితేనే నిలుస్తుందని చెప్పు" అన్నారు గవర్రాజు గారు, ముడి మీంచి చూపు తిప్పకుండా.

"కాలు మొద్దుబారిపోతోందని చెప్పు."

"కంకర మీద బ్రేకు నొక్కినవాడి బుర్ర అంతకంటే మొద్దని చెప్పు."

ఇద్దరికీ మధ్య జానెడు దూరం లేదు. త్రినాథ్ ఒకసారి ఇటు, ఒకసారి అటు తల తిప్పాడు. ఆ తిట్టు తర్వాత ముడి కాస్త వదులైంది, అది మాత్రం వాడు చూశాడు.

పైన కూరగాయలు దింపి ఖాళీగా వస్తున్న జీపు దొరికింది. ఇద్దరూ కలిసి దాలినాయుణ్ణి వెనక కూర్చోబెట్టి, అతని సైకిలు ఎక్కించారు. జీపు కదులుతుంటే దాలినాయుడు తల బయటికి పెట్టాడు.

"ఒరే అబ్బాయ్! ఈసారి నిజంగానే గోడమలుపులో బండి దిగాడు మీ మాస్టారు. నేనెవరికీ చెప్పన్లే!"

"చెప్పుకోమను" అన్నారు గవర్రాజు గారు. త్రినాథ్ ఆ మాట అందించేలోపు జీపు వంపు తిరిగిపోయింది.

మాస్టారు తన బండి తీసి, సీటు పట్టుకుని వెనకభాగం కాస్త పైకెత్తి, పెడలు తనకి కావలసిన చోటికి తిప్పుకున్నారు. బండిని రోడ్డుకి కొంచెం ఏటవాలుగా పెట్టి ఎక్కారు. చక్రం ఒకసారి తటపటాయించింది, తర్వాత కదిలింది. తేలిక పళ్ళు టకటకమంటూ ఆయన్ని ఆ నిటారులోంచి పైకి తీసుకుపోయాయి. త్రినాథ్ కూడా అలాగే పెడలు తిప్పుకుని, అలాగే ఏటవాలుగా పెట్టి, ఒళ్ళంతా బరువు వేసి తొక్కాడు. పెడలు రాయిలా నిలబడిపోయింది. మళ్ళీ ప్రయత్నించాడు, పక్కకి ఒరిగాడు. చివరికి హ్యాండిలు పట్టుకుని బండిని తోసుకుంటూ నడిచాడు. లారీ ఒకటి మూలుగుతూ పక్కనుంచి పోతుంటే క్లీనరు తల బయటపెట్టి, "సైకిలు నిన్ను మొయ్యాలి గానీ, నువ్వు మోస్తున్నావేంటి గురూ!" అన్నాడు. త్రినాథ్ ఎప్పుడూ మాటకి మాట అప్పచెప్పేవాడే. ఆ రోజు మాత్రం తల దించుకుని ముందుకు నడిచాడు.

మైదానంలో మాస్టారు బెంచీ మీద కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. చేతులకి ఇంకా మట్టి, చెయిను నూనె ఉన్నాయి.

"కాలు ఆనకుండా ఎక్కావు. గోడమలుపు దాటడం వెనకనుంచి నేను చూశాను. చక్రం నీదే."

"వద్దండీ" అన్నాడు త్రినాథ్. "ఆగితే మళ్ళీ కదలలేనని... తమరికి కూడా ఆయనంటే పడదు కదా అని..."

"నాకు పడదు. ఇవాళా పడదు. ఆ మాట నేను మరిచిపోయేది కాదు." మాస్టారు కళ్ళజోడు పెట్టుకున్నారు. "ఇచ్చిన మాట తప్పడం నాకు అలవాటు లేదు. రేపే అల్లడం మొదలుపెడతాను. పక్కన కూర్చుని ఊచలు అందించు, నాకు సన్నవి కనిపించడం లేదు. చెప్పు, దానికి ఎన్ని పళ్ళది బిగించమంటావు?"

త్రినాథ్ తన బండికున్న చిన్న పళ్ళచక్రం వంక చూశాడు.

"తమరే చెప్పండి."

"దాటిపోతుంటే దాలినాయుడు నీతో ఏమన్నాడు?"

ఆయన నోట ఆ పేరు వినడం త్రినాథ్‌కి అదే మొదటిసారి.

"ఏదో అన్నారండీ. ఆ తొక్కుడులో నాకు వినపడలేదు."

"అయితే వినపడేటన్ని పళ్ళది వేద్దాం" అన్నారు గవర్రాజు గారు.