గోడ అవతలి గొంతులు

వైద్యం నేర్పే బుగ్గయ్యస్వామి ఆశ్రమంలో గుమ్మం దగ్గర ఉండే పని చెన్నకేశవుడిది. గురువు మీద భక్తి కొండంత. నియమం మీద పట్టు అంతకు రెండింతలు. చేరవచ్చినవాళ్లు నూరు వైద్యపద్యాలు తడుముకోకుండా అప్పజెప్పాలి. అప్పుడే లోపలికి. మిగతావాళ్లను చిన్నా పెద్దా అనకుండా గుమ్మంలోంచే తిప్పి పంపేవాడు.

రాళ్లు కొట్టేవాళ్ల గూడెం నుంచి సుంకులమ్మ మూడోసారి వచ్చింది.

“మా గూడెంలో జరమొస్తే చూసే దిక్కు ల్యాదు సామీ. నా బిడ్డలిద్దరూ పోయినారు. మిగిలినోళ్లనన్నా నిలబెట్టుకుంటాం. నేర్పించండి.”

“పద్యాలు నేర్చుకుని రామ్మా.”

“యాడ నేర్పుతారు సామీ?”

“ఇక్కడే. లోపల.”

ఆమె అతని ముఖంలోకి చూసి, వెళ్లి బయట ఆశ్రమం గోడ వారన కూర్చుంది.

ఇక వినండి. మర్నాడు పొద్దున మంచు కమ్ముకుని ఉంది. ఏడుగురు శిష్యులు పద్యం ఎత్తుకుంటే, గోడ అవతలి నుంచి ఎనిమిదో గొంతు కలిసింది. చెన్నకేశవుడు పరుగున వెళ్లి చూశాడు. సుంకులమ్మ పెదవులు కదలడం లేదు. మరునాడు ఇరవై గొంతులు. మూడోనాటికి గోడే పద్యం చెబుతోందా అనిపించింది. నా తండ్రీ, చెన్నకేశవుడు గురువు దగ్గరికి ఒకటే పరుగు!

“స్వామీ, ఏవో గాలులు చేరాయి. గుమ్మానికి రక్షరేకు కట్టండి.”

స్వామి లేచారు. తాను కూర్చునే చాప చుట్టి చంకన పెట్టుకుని బయటికి నడిచారు. గోడ పొడుగునా బండ మీద పాదాల గుంటలు. చిన్నవి, పెద్దవి, నాచు పట్టినవి. అన్నిటి వేళ్లూ గోడవైపే.

“ఒకదాంట్లో నిలబడు నాయనా.”

చెన్నకేశవుడు నిలబడ్డాడు. బండ మంచుగడ్డలా ఉంది. గోడ లోపలి నుంచి ఎవరో మెల్లగా అంటున్నారు: “నేర్చుకుని రా.” ఆ గొంతు తనదే.

కాలు తీయబోతే వెంటనే రాలేదు.

స్వామి అక్కడే చాప పరిచారు. “అమ్మా, మొదటి పద్యం. నాతోపాటు చెప్పు.”

సుంకులమ్మ తడబడుతూ అందుకుంది. ఆమె వెనక, మంచులోంచి, లెక్కలేనంతమంది అందుకున్నారు. వాళ్లలో పసిగొంతులున్నాయి. ముసలి గొంతులున్నాయి.

చెన్నకేశవుడు గురువు పాదాల దగ్గర కూలబడ్డాడు. “స్వామీ... వీళ్లంతా ఎవరు?”

“గుమ్మం దగ్గర ఉన్నది నువ్వు. వచ్చినప్పుడు పేర్లు అడగలేదా?” అన్నారు స్వామి.