మాచమ్మ చూసొచ్చిన పళ్ళు

తుమ్మెదలకోన అడవిని ఒక వాగు రెండుగా చీలుస్తుంది. తూర్పు ఒడ్డున కొండముచ్చులు, ముంగిసలు, ఉడుతలు, కుందేళ్ళు ఉంటాయి. పడమటి ఒడ్డున కోతులు, నక్కలు, అడవిపిల్లులు ఉంటాయి. ఎండాకాలం చివరికి వాగు ఎండిపోయి ఒక్క మడుగు మిగులుతుంది. పొద్దున్నే తాగినవారికి తేట నీళ్ళు. మధ్యాహ్నం తాగినవారికి బురద.

పొద్దుటి వంతు ఎవరిదో తేల్చుకోవడానికి రెండు ఒడ్డులవాళ్ళూ ఏటా ఒకరి మీద ఒకరు పళ్ళు విసురుకుంటూ పళ్ళాట ఆడతారు. ఒక్కో ఒడ్డున బండ మీద ఒక మోదుగాకు ఉంటుంది. ఎదుటివాళ్ళ ఆకును తమ ఒడ్డుకు తెచ్చుకున్న జట్టు గెలిచినట్టు. పండు తగిలి ఒంటి మీద మరక పడినవాళ్ళు తమంతట తామే పక్కకొచ్చి కూర్చోవాలి.

రెండేళ్ళుగా తూర్పు ఒడ్డు ఓడిపోతోంది. నిరుడు బురదనీళ్ళు తాగి ముసలి ముంగిస మాచమ్మ మనవడు, మనవరాలు ఇద్దరూ జబ్బుపడ్డారు. మనవరాలు ఒక్కతే కోలుకుంది. అందుకే ఈసారి ఆటకు ముందురోజు మాచమ్మ ఎవరికీ చెప్పకుండా పడమటి ఒడ్డుకు వెళ్ళి, పొదల చాటు నుంచి అంతా చూసొచ్చింది.

ఆ సాయంత్రం తూర్పు ఒడ్డు జట్టు వ్యూహం కోసం కూర్చుంది. జట్టు నాయకుడు కొండముచ్చు దండపాణి ఇసుకలో తోకతో ఒక పొడుగాటి గీత గీశాడు. ఆ గీతకు ముందు తానుంటాడట, వెనక అందరూ ఉంటారట. మరి మన ఆకుకు కాపలా ఎవరని ఒక కుందేలు అడిగితే, గెలిచేవాళ్ళకు కాపలా ఎందుకన్నాడు. అతని వ్యూహమంతా అతని ముఖమే. నేరేడు మరక నల్లటి ముఖం మీద కనిపించదు కదా, పళ్ళన్నీ ముఖంతో కాచుకుంటూ నేరుగా పడమటి ఆకు దాకా పరుగెడతాడట.

మాచమ్మకు ఒళ్ళు మండింది. "అది వ్యూహం కాదు నాయనా, దొంగాట," అంది. "పైగా వాళ్ళు తెచ్చేది నేరేడు కాదు. మొన్నటి గాలికి వాళ్ళ నేరేళ్ళన్నీ రాలి కుళ్ళిపోయాయి. వాళ్ళు కుప్పలు పోసింది ఆ... అదే..."

పేరు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఈమధ్య ఆమెకు అలా జరుగుతోంది. జరిగిన ప్రతిసారీ, రేపు మనవరాలి పేరు కూడా ఇలాగే పోతుందేమోనని భయపడుతోంది. అయినా ఆపకుండా, ఆ పండు గుత్తులుగా కాస్తుందని, లోపలంతా జిగురని చెప్పబోయింది.

"అవ్వా, పొద్దున ఏం తిన్నావో ముందు చెప్పు. ఆ తర్వాత పండు సంగతి చూద్దాం," అన్నాడు దండపాణి.

అందరూ గొల్లున నవ్వారు. నిరుడు ఆమెతోపాటు ఏడ్చినవాళ్ళు కూడా నవ్వారు.

"పేరు మరిచిపోతే పండు లేకుండా పోతుందా?" అంది మాచమ్మ. "కళ్ళతో చూసినదాన్ని నేను. కాలు కదపనివాడివి నువ్వు. వీళ్ళేమో నీ మాట వింటున్నారు." విసురుగా లేచి వెళ్ళిపోయింది.

సగం దారిలో పేరు గుర్తొచ్చింది. బంకనక్కెర. దాంతో కోపం తగ్గలేదు సరికదా, రెట్టింపయింది. వెనక్కి వచ్చేసరికి అందరూ వెళ్ళిపోయారు. ఉడుత బుల్లెయ్య ఒక్కడే నేరేడు పళ్ళు పోగేస్తున్నాడు. నవ్వినవాళ్ళలో నువ్వూ ఉన్నావని ముందు అతన్ని నాలుగు దులిపి, తర్వాత కూర్చోబెట్టి చెప్పింది. నక్కెర పండు విసిరేవాడి చేతికే ముందు అంటుకుంటుంది. పది పళ్ళు విసిరేసరికి వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అంతవరకు బండల చాటున ఓపిక పట్టాలి. ఒకరు మన ఆకును విడవకూడదు.

బుల్లెయ్య సిగ్గుపడి, ఇద్దరు కుందేళ్ళను కూడా పిలుచుకొచ్చాడు. మళ్ళీ మరిచిపోతానేమోనన్న భయంతో మాచమ్మ ఆ ముగ్గురిచేతా మూడేసి సార్లు అప్పజెప్పించుకుంది.

మర్నాడు ఎలుగుబంటి పోలయ్య మధ్యవర్తిగా నిలబడి ఆట మొదలుపెట్టాడు. దండపాణి ముఖం ముందుకు చాచి ఉరికాడు. బుల్లెయ్య, కుందేళ్ళిద్దరూ బండల చాటున ఆగిపోతే, మిగతా జట్టంతా వెనకే ఉరికింది. నక్కెర పళ్ళు వానలా పడ్డాయి. ఒక్కొక్కరే మరకలతో పక్కకొచ్చి కూర్చున్నారు. దండపాణి ముఖం మీద నాలుగు పళ్ళు చితికాయి. ఆ జిగురుకు ఇసుక, ఎండుటాకులు, ఒక నెమలీక అంటుకున్నాయి. అయినా అతను ఏమీ కనిపించదన్న ధీమాతో పరుగెడుతూనే ఉన్నాడు.

పోలయ్య అడ్డం వచ్చి, పండు తగిలిందా అని అడిగాడు.

"తగల్లేదు మామా. నా ముఖం చూడు, ఎంత శుభ్రంగా ఉందో."

రెండు ఒడ్డులవాళ్ళూ పడీపడీ నవ్వారు. పోలయ్య నవ్వలేదు. "మరక దాచినవాడు ఈ ఏడంతా అందరూ తాగాక తాగాలి. పక్కకు నడు," అన్నాడు.

తూర్పు జట్టు పని అయిపోయిందనుకుని పడమటివాళ్ళంతా ఆకు కోసం ఎగబడ్డారు. బండ మీద మాచమ్మ ఆకును కాళ్ళ కింద అదిమిపట్టి కూర్చుంది. కోతులు పళ్ళు విసరబోయాయి. పళ్ళు చేతులను వదల్లేదు. ఒక కోతి దురదపుట్టి చెవి గోక్కుంటే చెయ్యి చెవికే అతుక్కుపోయింది. అప్పుడు కుందేళ్ళిద్దరూ చాటు నుంచి వచ్చి, వెనక కాళ్ళతో నేరేడు పళ్ళు తన్ని, వచ్చినవాళ్ళందరికీ ఊదారంగు పూశారు. ఆ సందట్లో బుల్లెయ్య బండల మీదుగా దూకుతూ వెళ్ళి, కాపలా లేని పడమటి ఆకును నోట కరుచుకొచ్చాడు.

మరుసటి పొద్దున మడుగు దగ్గర తూర్పు ఒడ్డంతా తల వంచుకుని, మాచమ్మను ముందు తాగమంది.

"మర్యాదలకేం గానీ, ముందు పిల్లల్ని తాగనివ్వండి," అని ఆమె కసురుకుంది. మనవరాలు తేట నీళ్ళలో మూతి పెట్టి తాగుతుంటే పక్కనే నిలబడి ప్రతి గుక్కా చూసింది. ఆ తర్వాత తానూ కడుపునిండా తాగింది.

దండపాణి వంతు వచ్చేసరికి సాయంత్రమైంది. మడుగులో బురద తప్ప ఏమీ మిగల్లేదు.

నీతి: పెద్దవాళ్ళు ఒక పేరు మరిచారని నవ్వి, వాళ్ళు కళ్ళారా చూసి చెప్పిన నిజాన్ని తోసేసే నాయకుడి వ్యూహం ఓటమికే దారితీస్తుంది.