చెంగల్వ ఎవరి కోసం వస్తోంది?

కోట నిండా ఏనుగులుండి, అడవిలో మాత్రం ఒక్కటీ మిగలని కాలం అది. రాజుగారు అడవిలో వేట మాన్పించి, కోట ఏనుగులన్నిటినీ మళ్ళీ అక్కడికే వదిలెయ్యమన్నారు. అన్నీ వెళ్ళాయి గానీ, చెంగల్వ అనే ఏనుగు మాత్రం ఎన్నిసార్లు వదిలినా పొద్దుగుంకేసరికి కోటగుమ్మంలో ఉండేది.

"నన్ను వదిలి ఉండలేకపోతోంది ప్రభూ! దాన్ని నాకే ఇప్పించండి," అన్నాడు సైన్యాన్ని నడిపే దళవాయి రుద్రప్ప మీసం దువ్వుతూ. అంబారీ ఎక్కి ఊరేగకపోతే ఆయనకి ముద్ద దిగదు.

ఆ మాట మావటి గంగులు చెవిన పడింది. మళ్ళీ దాని కాలికి గొలుసే! అయినా వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"నిజమే ప్రభూ, దళవాయిగారంటే దానికి ప్రాణం. అందుకే వారి కాపురం అడవిలో పెట్టించండి. వారెక్కడుంటే అదీ అక్కడే ఉండిపోతుంది."

"భేష్! రుద్రప్పా, రేపే బయల్దేరు," అన్నారు రాజుగారు.

అడవంటే పులులు, జలగలు. దళవాయి ముఖం పాలిపోయింది. "అబ్బే, నా కోసం కాదు ప్రభూ! వీడు సాయంత్రం పెట్టే బెల్లం ముద్ద కోసం వస్తోంది!"

రాజుగారు పకపకా నవ్వారు. "అయితే గంగులూ, నువ్వూ నీ బెల్లమూ అడవికి పదండి."

గంగులు అడవిలో గుడిసె వేసుకుని, ముద్దని రోజురోజుకీ చిన్నది చేస్తూ వచ్చాడు. ఒక సాయంత్రం చెంగల్వ రానేలేదు. దూరంగా వెదురుపొదల్లోంచి ఏనుగుల మంద ఘీంకారం వినిపించింది.

గంగులు ఉసిరికాయంత ముద్ద పట్టుకుని కాసేపు ఎదురుచూసి, చివరికి తన నోట్లోనే వేసుకున్నాడు.

"నన్ను వదిలి ఉండగలుగుతున్నావన్నమాట!" అన్నాడు, కళ్ళు తుడుచుకుని నవ్వుతూ.