ఊరికే పోసిన మజ్జిగ

ఆ వేసవిలో విశ్వపతికి ఒక దిగులు పట్టుకుంది. మంచి పని చేసి మాట పడ్డవాడి దిగులు అది. ఒక పట్టాన వదిలేది కాదు.

తవిటయ్య స్వామి దగ్గర చదువుకుని, ఆయన పంపితేనే రేగులవలసలో పిల్లలకు చదువు చెప్పడానికి వెళ్ళాడు విశ్వపతి. పెళ్ళీ పెటాకులూ లేవు. భోజనానికి వారాలు కుదుర్చుకున్నాడు. అంటే రోజుకొకరింట్లో ముద్ద, సోమవారం ఒకరిల్లు, మంగళవారం మరొకరిల్లు. మొదటి ఏడాది నూర్పిళ్ళప్పుడు ఊరి ఆచారం ప్రకారం కళ్ళంలో కమ్మరికి కొలిచారు, మంగలికి కొలిచారు, అయ్యవారి వాటా కొలవబోయారు. విశ్వపతి కుంచం మీద చెయ్యి పెట్టి ఆపేశాడు.

"చదువు అమ్ముకునే సరుకు కాదు. నాకు ఇల్లా వాకిలా? ఊరికే చెప్తాను," అన్నాడు.

కళ్ళంలో ఉన్నవాళ్ళంతా ఆహా అన్నారు. మునసబు పారినాయుడైతే కళ్ళు తుడుచుకున్నాడు. ఆ త్యాగం చూసి తుడుచుకున్నాడో, మిగిలిన గింజలు చూసి తుడుచుకున్నాడో ఆయనకే తెలియాలి. ఆ రాత్రి విశ్వపతికి కమ్మటి నిద్ర పట్టింది.

పక్క ఊరు జిల్లేడుపాలెంలో భుజంగం పంతులు చదువు చెప్పేవాడు. ముసలి తల్లి, భార్య, ఎదుగుతున్న పిల్లలు. ఆయన దగ్గర కూర్చుంటే ఎంత మొద్దబ్బాయికైనా లెక్కలు వచ్చి తీరతాయని పేరు. సంతకి వెళ్ళేటప్పుడు ఆయనా విశ్వపతీ కబుర్లు చెప్పుకుంటూ కలిసి నడిచేవాళ్ళు. అలాంటి మనిషి ఈ మధ్య విశ్వపతి ఎదురైతే పక్కదారి పడుతున్నాడు. పోయిన సంతలో తప్పించుకోవడానికి వీల్లేక ఎదురుపడి, ఒకే ఒక ముక్క అన్నాడు.

"మీకు పుణ్యం పండింది బాబూ. మా ఇంట్లో పొయ్యి ఆరింది."

ఆ మాట కడుపులో పెట్టుకోలేక విశ్వపతి కొండ కింద ఉన్న ఆశ్రమానికి బయల్దేరాడు. వెళ్ళేసరికి తవిటయ్య స్వామి పంచె ఎగ్గట్టి ఆవుని కడుగుతున్నాడు. విశ్వపతి కాళ్ళకి దణ్ణం పెట్టి, నీళ్ళ చెంబు అందుకుని, సంగతంతా చెప్పుకొచ్చాడు.

"భుజంగం పంతులు జీతం పెంచమని మునసబుని అడిగాడట గురువుగారూ. రెండూళ్ళకీ మునసబు ఒకడే గదా. 'రేగులవలస అయ్యవారు ఊరికే చెప్తుంటే మీకున్నది చాలదా' అన్నాట్ట. పైగా కిందటి పంటకి ఉన్న వాటాలోనే సగం కోసేశారు. ఆ కోపం ఆయన నా మీద చూపిస్తున్నాడు. ఇకమీదట పెంచకపోతే బడి మూసేసి, చింతపండు వర్తకుడి దగ్గర కాటా వెయ్యడానికి కుదురుకుంటాడట."

"ఊఁ," అన్నాడు స్వామి, ఆవు మెడ కింద రుద్దుతూ.

"చదువు చెప్పేవాడికి అంత ఆశ ఉండొచ్చా, మీరే చెప్పండి. వచ్చే సంతకి మునసబు మీ దగ్గరికే తీర్పుకి వస్తానన్నాడు. పంతుళ్ళకి జీతం పెంచమంటే పెంచుతాడు, అసలు వద్దంటే మానేస్తాడు. మీ మాటే మాట."

ఆ మాట ఎలా ఉంటుందో విశ్వపతికి ముందే తెలుసు. ఈ స్వామి ఎవరి దగ్గర ఏనాడు దమ్మిడీ పుచ్చుకున్నాడు గనక! తను నేర్చుకున్నదంతా ఈయన దగ్గరే గదా.

స్వామి ఆవు వీపు మీద చివరి చెంబు గుమ్మరించి, "మీ సంత ఏ రోజు?" అని అడిగాడు.

"బుధవారమండి."

"ఎండలు మండిపోతున్నాయి. ఆ రోజున సంతలో చలివేంద్రం పెడదాం. దాహంతో ఉన్నవాడికి మజ్జిగ పొయ్యడం కంటే పుణ్యం ఏముంది? కుండలు నువ్వు మొయ్యి."

విశ్వపతి మొహం విప్పారింది. అడిగినదానికి జవాబు రాలేదన్న మాట కూడా ఆ సంతోషంలో మర్చిపోయాడు.

బుధవారం నాడు సంత కిటకిటలాడుతోంది. ఒక పక్క ఎండుచేపలు, ఒక పక్క తాటాకు బుట్టలు, నడుమ బేరాల గోల. ఆశ్రమం బండి మీద మజ్జిగ కుండలతో దిగిన స్వామి, సంతంతా ఒకసారి కలయజూసి, తిన్నగా కానుగ చెట్టు కిందికి నడిచాడు.

ఆ చెట్టు కింద అసిరమ్మ మజ్జిగ అమ్ముతుంది. ఏళ్ళ తరబడి ఆ చోటు ఆమెదే. అల్లం, కరివేపాకు దంచి వేసి, ఉప్పు సరిగ్గా పడేలా కలిపి పోస్తుంది. మొగుడు పోయాక ఆ కుండే ఆమెకు ఆధారం. విశ్వపతికి మంగళవారం భోజనం ఆమె ఇంట్లోనే.

"అసిరమ్మ పక్కనా అండీ?" అన్నాడు విశ్వపతి, కుండ భుజం మీంచి దించకుండానే.

"నీడ బావుంది," అన్నాడు స్వామి.

అసిరమ్మ లేచి నిలబడి చేతులు జోడించింది. "స్వామోరు నా పక్కన కూకోడం నా అదురుట్టం బాబూ!" అంది. పాపం, ఆ అదృష్టం ఎలాంటిదో ఆమెకి కాసేపట్లోనే తెలిసింది.

నిజం చెప్పాలంటే ఆశ్రమం మజ్జిగలో మజ్జిగ కంటే నాగావళి నీళ్ళే ఎక్కువ. ఉప్పు వేశారో లేదో వేసినవాళ్ళకే అనుమానం. అయినా అప్పనంగా వచ్చేది ఎవరికి చేదు? కబురు తెలియగానే సంత సంతంతా కానుగ చెట్టు వైపు తిరిగింది. తాగినవాళ్ళు మూతి తుడుచుకుని, "అమృతం!" అన్నారు. విశ్వపతి ఉత్సాహంగా ముంతతో తోడి పోస్తూనే ఉన్నాడు.

పశువుల బేరగాడొకడు అసిరమ్మ పోసిన గ్లాసు నోటి దాకా తీసుకెళ్ళి, ఇటు చూసి, గ్లాసు కింద పెట్టేశాడు.

"ఉండెహె. స్వామోరు ఊరికే పోస్తంటే నీకెందుకు డబ్బులియ్యాల?"

"ఇది పాలు కొని తోడెట్టిన మజ్జిగ బాబూ," అంది అసిరమ్మ.

"పున్నేనికి పోసీవోలు పక్కనే ఉండగా డబ్బులడగడానికి నీకు సిగ్గునేదేటి?" అని ఆమెనే నాలుగు తిట్టి, ఈ వరసలోకి వచ్చి నిలబడ్డాడు.

విశ్వపతి అసిరమ్మ వైపు ఒకసారి చూశాడు. అయినా అతనికీ పోశాడు. అతను తాగి, "అమృతం!" అన్నాడు.

ఎండ నెత్తికెక్కింది. "మజ్జిగో, సల్లటి మజ్జిగ!" అని అప్పటి దాకా ఖంగుమన్న అసిరమ్మ గొంతు మెల్లమెల్లగా తగ్గి, ఆగిపోయింది. కుండ మీద తడిగుడ్డ కప్పి, మోకాళ్ళ చుట్టూ చేతులు వేసుకుని కూర్చుంది. ఆ ఎండలో ఆ మజ్జిగ సాయంత్రానికి పులిసి ఎందుకూ పనికిరాకుండా పోతుంది. అది చూస్తూ పొయ్యడం విశ్వపతికి కష్టమైంది.

"గురువుగారూ," అన్నాడు గొంతు తగ్గించి, "మన కుండలు ఆ చివరికి మార్చుకుందామండి."

"ఎందుకు? నీడ బావుందిగా."

"అసిరమ్మ దగ్గరికి ఒక్కడూ రావడం లేదు."

"పుణ్యం చేసేటప్పుడు పక్కవాళ్ళ సంగతి మనకెందుకు?" అన్నాడు స్వామి. వరసలో ఉన్న ముసలాయనకి పోసి, మరి కాస్త పోశాడు.

"అదేమిటండీ! ఆమెకి ఇల్లు గడవద్దా?"

అనుకున్నదాని కంటే గట్టిగానే వచ్చింది ఆ మాట. వరసలో వాళ్ళు మెడలు సాచి చూశారు. స్వామి మాత్రం పొయ్యడం ఆపలేదు.

"నాకు ఇల్లా వాకిలా నాయనా? ఊరికే పోస్తాను."

విశ్వపతి చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఈ మాట ఎక్కడో విన్నట్టుందే అనుకున్నాడు. ఎక్కడో ఏమిటి, కళ్ళంలో అందరి ముందూ ఛాతీ విరుచుకుని తనే అన్నాడు. చెవులు వేడెక్కాయి. మంగళవారాలు అసిరమ్మ విస్తట్లో వడ్డించిన పెరుగన్నం గుర్తొచ్చింది. తల ఎత్తి ఆమె వైపు చూడలేకపోయాడు.

సరిగ్గా అప్పుడే మునసబు పారినాయుడు గుంపుని తప్పించుకుంటూ వచ్చాడు. వెనకాల భుజంగం పంతులు. బక్కచిక్కిన మనిషి, విశ్వపతి మొహం చూడకుండా ఎడంగా నిలబడ్డాడు. చింతపండు వర్తకుడు ఆ సాయంత్రానికల్లా ఏ సంగతో చెప్పమన్నాడని సంతలో అందరికీ తెలుసు.

"స్వామీ, మా పంతులుగోరి జీతం గొడవ తవరే తేల్చాల," అన్నాడు పారినాయుడు. "సదువు సెప్పీవోలికి పెంచమంటారా, ఒద్దంటారా?"

"పక్కనే పంతులుండగా నన్నెందుకు అడుగుతావు? విశ్వపతిని అడుగు," అన్నాడు స్వామి.

పారినాయుడి మొహం వెలిగిపోయింది. ఇక తీర్పు వచ్చేసినట్టే. "సెప్పండి అయ్యోరూ, గట్టిగా సెప్పండి, అందరూ ఇనాల," అన్నాడు.

విశ్వపతి ముంత కింద పెట్టాడు. తడి చేతులు పంచెకి తుడుచుకున్నాడు.

"మునసబుగారూ, వచ్చే పంటకి నా వాటా నాకు కొలవండి."

"ఏటీ?"

"ముందు పంతులుగారికి కిందటి పంటలో కోసేసిన సగం ఇచ్చెయ్యండి. తర్వాత ఆయన ఎంత పెంచమంటే అంత పెంచండి. ఆయనకెంతో నాకూ అంతే. తగ్గిస్తే ఇద్దరం బడి మానేస్తాం."

పుట్టి బుద్ధెరిగాక అతను బేరమాడడం అదే మొదలు. ఒక్క క్షణం అందరూ నోళ్ళు తెరుచుకుని చూశారు. ఆ తర్వాత ఎవడో వెనక నించి, "వారాలోలు అయ్యోరికి కడుపునిండా పెడతన్నట్టు నేదురోయ్!" అన్నాడు. సంతంతా గొల్లుమంది. విశ్వపతి మొహం ఎర్రబడింది గాని, అన్న మాట వెనక్కి తీసుకోలేదు. భుజంగం పంతులు దగ్గరికి వెళ్ళి చేతులు జోడించాడు.

"నా గొప్పంతా మీ కంచంలోంచి తీసుకున్నాను పంతులుగారూ. ఇవాళ్టి దాకా తెలియలేదు. మన్నించండి."

భుజంగం పంతులు చాలా రోజుల తర్వాత అతని కళ్ళలోకి చూశాడు. మొహంలో బిగువు సడలింది. "పోనీలెండి బాబూ," అన్నాడు, "ఈ లెక్క పెద్దవాళ్ళకి కాస్త ఆలస్యంగానే వస్తుంది."

పారినాయుడికి మాత్రం ఇదేమీ రుచించలేదు. "ఇదెక్కడి నాయం స్వామీ? ఊరికే వస్తన్నదాన్ని డబ్బులెట్టి కొనుక్కోమంటారేటి?"

స్వామి మిగిలిన మజ్జిగ బండి ఎడ్లకి పొయ్యమని విశ్వపతికి సైగ చేశాడు. ఎడ్లు తొట్టిలో ఒకసారి మూతి పెట్టి, ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. స్వామి మెల్లగా లేచి వెళ్ళి అసిరమ్మ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మా, నాకో గ్లాసు పొయ్యి."

ఆమె హడావుడిగా తడిగుడ్డ తీసి, అంచుల దాకా పోసి ఇచ్చింది. స్వామి గడగడా తాగాడు. గడ్డం మీద పడ్డ కరివేపాకు తీసి నోట్లో వేసుకుని, "ఇదీ మజ్జిగంటే," అన్నాడు. ఉత్తరీయం కొంగున కట్టిన ముడి విప్పి, డబ్బులు తీసి ఆమె ముందు చాపాడు.

అసిరమ్మ నాలిక్కరుచుకుని వెనక్కి జరిగింది. "అయ్యబాబోయ్, తవరి కాడ డబ్బులా! నాకు పాపం సుట్టుకుంటాది."

"పుచ్చుకో తల్లీ," అన్నాడు స్వామి, చాపిన చెయ్యి తియ్యకుండా. "నువ్వు పుచ్చుకోకపోతే వచ్చే సంతకి రాలేవు. నాకు వచ్చే సంతకి కూడా దాహమేస్తుంది."

అసిరమ్మ పుచ్చుకుంది.

పారినాయుడు కాసేపు తల గోక్కున్నాడు. తర్వాత భుజంగం పంతులు వైపు తిరిగి, "ఎంత పెంచమన్నారు పంతులుగోరూ, మళ్ళీ ఓపాలి సెప్పండి," అన్నాడు.