గుండ్రటి తల ఎవరిచ్చింది?

అనగనగా ఒక రాజ్యంలో రాజుగారు కొత్త బడి పెట్టించారు. తలలు కొలిచే విద్య నేర్చిన విరూపాక్షశాస్త్రి గుమ్మంలోనే కూర్చున్నాడు.

"గుండ్రటి తలలోనే చదువు నిలుస్తుంది. అది వంశాన్నిబట్టి వస్తుంది. కోలతల వాళ్లు గొడ్లు కాసుకోవాల్సిందే!" అని మంత్రసాని నూకాలమ్మ మనవరాలిని గెంటేశాడు.

నూకాలమ్మకి ఒళ్లు మండింది. సాయంత్రం పిల్ల చెయ్యి పట్టుకుని కొలువుకి పోయి, అక్కడికి వచ్చిన శాస్త్రిని రాజుగారి ఎదుటే నిలదీసింది.

"శాస్త్రులు బాబూ, పుట్టినప్పుడు మీ తల సొరకాయలా ఉండేది. మీ అమ్మగారు బెంగపడితే, రోజూ ఆముదం రాసి నేనే ఒత్తి గుండ్రం చేశాను. కూలికి పరిగెత్తే మా ఆడోళ్లకి ఆ తీరికేదీ? గుండ్రటి తల వల్లే చదువొస్తే, మీ చదువు వంశం ఇచ్చింది కాదు, నా అరచేతులిచ్చింది. తలతో పని లేదంటే మా పిల్లకి లోటేమిటి?"

శాస్త్రి కొలత తాడు బయటికి తీశాడు. "అయితే... ముక్కు కొలుద్దాం!"

"అదీ నేనే నొక్కి నిలబెట్టాను బాబూ."

కొలువంతా గొల్లున నవ్వింది. రాజుగారు తన తల తడుముకున్నారు. "మరి నాదో?"

"తమరిదీ ఈ చేతులే. మహా మొండి తల!"

రాజుగారు సింహాసనం దిగి ఆ చేతులు కళ్లకద్దుకున్నారు. "ఇన్నాళ్లూ దణ్ణమైనా పెట్టలేదమ్మా. నీ మనవరాలే కాదు, మీ పేట పిల్లలంతా రేపటినుంచి బడికి రావాలి."

నూకాలమ్మ కళ్లు తుడుచుకుంది. "చల్లగా ఉండండి బాబూ. తమరి తలకి నేను పడ్డ కష్టం ఇవాళ తీరింది."