ఓబులమ్మ ఉలవకట్టు

రుద్రప్పకు వైద్యం ఇంకా పూర్తిగా అబ్బలేదు గానీ పథ్యం పిచ్చి మాత్రం బాగా పట్టుకుంది. గాయంతో ఎవరొచ్చినా సరే, మందు సంగతి తరువాత, ముందు తిండి కోసేసేవాడు. ఉప్పు వద్దు, పులుపు వద్దు, పప్పుల మాటే ఎత్తవద్దు.

అతని గురువు గవిస్వామి. కొండ గవిలో, అంటే గుహలో, మఠం పెట్టుకుని, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు ఆకుమందులిచ్చే ముసలి సన్యాసి. మాట తక్కువ, నవ్వు ఎక్కువ.

ఒకరోజు మంత్రసాని ఓబులమ్మ కుడిచేతికి గుడ్డ చుట్టుకుని వచ్చింది. గడ్డి కోస్తుంటే కొడవలి జారి అరచెయ్యి తెగిందట. తెగినందుకు కాదు ఆమె బాధ.

"మానినాక తోలు బిగుసుకపోతే ఈ చెయ్యి ఇంక కాన్పులకు పనికిరాదు సామీ. నా కూతురికే నెలలు నిండొచ్చినాయి. దాన్ని ఇంకెవరి చేతిలో పెట్టేది?" అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

స్వామి గాయం కడిగి, పసరు వేసి కట్టు కట్టాడు. మఠంలోనే ఉండమని చెప్పి, రోజూ చూసుకునే పని రుద్రప్పకు అప్పగించాడు.

రుద్రప్ప అక్కడికక్కడే మొదలుపెట్టాడు. "ఉత్త గంజే తాగాల అవ్వా. పప్పులు, ఉలవలు ముడితే చీము పడుతుంది."

"ఒరే అబ్బోడా, ఊహ తెలిసినకాడ్నించి సంగటీ ఉలవకట్టే నా తిండి. నిన్ను మీయమ్మ కడుపులోంచి బయటికి లాగిన పొద్దు గూడా మీ ఇంట్లో అదే తాగి పోయినా!"

రుద్రప్ప చెవులు ఎర్రబడ్డాయి. పథ్యం మాత్రం సడలలేదు.

పాపం, ఓబులమ్మ గంజే తాగింది. అయినా గాయం దారికి రాలేదు. చుట్టూ ఎర్రగా ఉబ్బి, ముట్టుకుంటే మంట. రుద్రప్ప కంగారుగా స్వామి దగ్గరికి పరుగెత్తాడు.

"పథ్యం చాలడం లేదు స్వామీ. ఆ గంజి కూడా సగానికి తగ్గిస్తాను."

స్వామి జవాబు చెప్పేలోగా బయట గొడవ లేచింది. మందుకొచ్చిన జనం, ముందెవరు వెనకెవరు అని తగువుపడి ఒకరి మీదికొకరు వెళ్తున్నారు.

"వెళ్ళి సర్దు" అన్నాడు స్వామి.

రుద్రప్ప వెళ్ళి గట్టిగా కసిరాడు. వాళ్ళు ఇంకా గట్టిగా అరిచారు. ఎవరో అతని కండువా కూడా లాగేశారు. అతను జుట్టు సవరించుకుంటూ లోపలికొచ్చాడు.

స్వామి నవ్వాపుకుని, "ఓబులమ్మను కాసేపు బయట కూర్చోమను" అన్నాడు.

ఆమె వెళ్ళి అరుగు మీద కూర్చుంది. తగువేమిటని అడగలేదు. ఎవరినీ మందలించలేదు. "ఏం నరసన్నా, నీ కోడలు లేసి తిరగతాందా? ఏమ్మే, నీ పిల్లోనికి పండ్లొచ్చినాయా?" అని పలకరించింది, అంతే. అరిచే గొంతుల్లో ఒకటి ఆగింది. ఇంకొకటి తగ్గింది. "అవ్వా, చేతికేమయింది?" అంటూ ఒకడు వెనక్కి జరిగాడు. కాసేపటికి తోపులాట పోయి అందరూ కబుర్లలో పడ్డారు.

"తగువు తీర్చిందా?" అని అడిగాడు స్వామి.

"లేదు స్వామీ. ఊరికే కూర్చుంది. అందరికీ ఎరుకైన మనిషి కదా, అందుకని..."

స్వామి వంటింట్లోకి వెళ్ళి, మఠం వంటలో ఉలవలు ఉడికించి వంచిన ఉలవకట్టు ఒక గిన్నెడు తెచ్చి అతని చేతికిచ్చాడు. రుద్రప్ప గిన్నెకేసి ఒకసారి, అరుగు మీది ఓబులమ్మ కేసి ఒకసారి చూశాడు. ఊహ తెలిసినప్పటినుంచీ ఇదే తన తిండి అని ఆమె అన్న మాట గుర్తొచ్చి, తీసుకెళ్ళి ఆమె ముందు పెట్టాడు.

ఆమె గటగటా తాగేసి, "ఇప్పుడొచ్చింది పానం" అంది.

ఆ తరువాత వాపు తీసింది. ఎరుపు తగ్గింది. అంచులు మెత్తగా కలిసిపోయి సన్నని గీత మాత్రం మిగిలింది. వేళ్ళు ముడిస్తే ముడుచుకుంటున్నాయి, చాపితే సాగుతున్నాయి. అమావాస్య వెళ్ళాక ఆమె కూతురు ఆడపిల్లను కన్నది. మనవరాలిని పట్టుకున్నవి ఓబులమ్మ చేతులే. ఆ కబురు విని రుద్రప్ప సంతోషం పట్టలేక గంతులేశాడు.

గంతులతో ఆగితే బాగుండేది. మర్నాడు సముద్రం వైపునుంచి ఉప్పుబండి తోలుకొచ్చిన ఒకాయన, పిక్క తెగి మఠానికి వచ్చాడు. రుద్రప్ప అప్పటికే ఉలవకట్టు కుండ, గరిటె పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

"ఇన్నాళ్ళూ తెలియక జనం కడుపులు మాడ్చాను స్వామీ. ఇక ఎవరి గాయానికైనా ఇదే మందు!"

"మంచిది" అన్నాడు స్వామి. "పక్క ఊరి సంతలో కొట్లాట జరుగుతోందట. నువ్వెళ్ళి మధ్యలో కాసేపు ఊరికే కూర్చునిరా."

రుద్రప్ప కుండ దించి, గరిటెతోనే హుషారుగా గడపదాకా వెళ్ళాడు. అక్కడ ఆగాడు.

"నన్నక్కడ ఎవరూ ఎరగరు కదా స్వామీ. తంతారు!"

స్వామి ఆ ఉలవకట్టు కుండ కేసి చూసి నవ్వాడు.

రుద్రప్ప చేతిలోని గరిటె చూసుకున్నాడు. వెనక్కి వచ్చి దాన్ని కుండ పక్కన పెట్టి, బండి ఆయన దగ్గర చతికిలబడ్డాడు.

"అన్నా, మీ ఇంట్లో రోజూ ఏం వండుకుంటారు?"